ఆ పీడకల ఎవరిది?

హెన్రీ ఫ్యూజెలి 1781లో గీసిన ‘పీడకల’ చూసినప్పుడల్లా ఆ కల ఎవరిదని నాకు అనుమానం. మంచం అంచున తల వేలాడేసి పడుకున్న స్త్రీ మీద పిశాచి కూర్చుంది. తెరల మధ్య నుంచి గుర్రం తల తొంగిచూస్తోంది. ఆమె కళ్లు మూసుకునే ఉన్నాయి. వాటిని చూసి భయపడుతున్నది మనమే.

షేక్‌స్పియర్ మంత్రగత్తెలు, మిల్టన్ సైతాను ఈ స్విస్ చిత్రకారుణ్ణి వదల్లేదు. 1799లో లండన్‌లో మిల్టన్ కావ్యాల బొమ్మలతో ఏకంగా ఒక గ్యాలరీ తెరిచాడు. అయితే 1784 నాటి అతని లేడీ మాక్‌బెత్ వేరు. నిద్రలో నడుస్తూనే కళ్లు విప్పార్చుకుని, కాగడాతో దూసుకొస్తుంది. ఆమెను తరిమేది ఏ పిశాచీ కాదు, తను పాలుపంచుకున్న హత్య.

1792లో స్త్రీల హక్కుల గ్రంథం వెలువరించిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఈ వివాహితుణ్ణే ప్రేమించింది. ఆ దంపతులతో కలిసి ఉంటానని అడిగితే అతని భార్య ఒప్పుకోలేదు. ఆ ఏడాది చివర్లో మేరీ ఒంటరిగా పారిస్ వెళ్లిపోయింది.

ఆమె కూతురు మేరీ షెల్లీ 1818లో ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ వెలువరించింది. పెళ్లిరాత్రి మంచం మీద తల వేలాడేసిన వధువు శవంలో విమర్శకులు ఫ్యూజెలి బొమ్మను గుర్తుపట్టారు. నాకు ముఖ్యమనిపించేది మరొకటి: ఫ్యూజెలి పిశాచి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. షెల్లీ మాత్రం దాన్ని తయారుచేసిన మగవాడెవరో చెప్పింది.