పడవ ఉప్పు

మా అమ్మమ్మ రాళ్ళ ఉప్పుని చివరిదాకా "పడవ ఉప్పు" అనే పిలిచింది. చినగంజాం ఉప్పు కొఠార్ల పక్కన పుట్టిన మనిషి. "లారీలో వచ్చేదానికి పడవ పేరేమిటే అమ్మమ్మా?" అని నేను వెక్కిరిస్తే, "నీకేం తెలుసే! మా రోజుల్లో పడవెక్కందే ఉప్పు మద్రాసు మొహం చూసేదా?" అనేది.

ఆ పడవలు నడిచింది బకింగ్‌హామ్ కాల్వలో. 1806లో మద్రాసు దగ్గర మొదలై, ముక్కలు ముక్కలుగా సాగి, 1870లలో పెదగంజాం చేరింది. అక్కణ్ణించి కృష్ణా, గోదావరి కాల్వలు పట్టుకుంటే కాకినాడదాకా పడవదారే! బియ్యం, ఉప్పు, వంటచెరకు అన్నీ దాని మీదే. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద తాడు పట్టి లాగే మనుషులు.

బరువంతా నీళ్ళే మోస్తాయి కనుక కిరాయి తక్కువ. మల్లెపూలకి తొందర గానీ ఉప్పుకేం తొందర? గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర, సరుకులకి రైళ్ళకన్నా కాల్వలే చవకని వాదించింది అందుకే. అయినా 1899లో మద్రాసు-బెజవాడ రైలుదారి పూర్తయింది. తర్వాత లారీలొచ్చి కొట్టు గుమ్మంలోనే బస్తా దింపాయి. పూడికా, తుఫానులూ కలిసి కాల్వని మూలపడేశాయి.

ఈ కథ చదువుతూ ఒకచోట ఆగిపోయాను. 1876-78 ధాత కరువులో, మద్రాసులో అడయారు దగ్గరి కాల్వ ముక్కని కరువు పని కింద తవ్వించారట. 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ దొర మద్రాసు రాజధానిలో కరువు పనులకి ఖాయం చేసిన కూలి ఎంతో తెలుసా? మగవాడికి రోజుకి ఒక పౌను గింజలు, ఒక అణా. ఆడమనిషికి ఇంకాస్త తక్కువ. పౌనంటే మన 450 గ్రాములు. పొద్దస్తమానం మట్టి మోసే ఒంటికి! అది చాలదని డాక్టర్ కార్నిష్ పోట్లాడాడు.

బియ్యం పడవలు నడిచే కాల్వని బియ్యం లేనివాళ్ళు తవ్వారన్నమాట. కాల్వకి మాత్రం అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు పేరు పెట్టారు. తట్ట మోసిన ఆడవాళ్ళలో ఒక్కరి పేరైనా నాకెక్కడా కనబడలేదు.

ఆ సాయంత్రం ఎసట్లో బియ్యం పోస్తూ, అలవాటుగా పోసే డబ్బా వంక కాసేపు చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు మా ఉప్పు జాడీ మీద "పడవ ఉప్పు" అని రాసి పెట్టాను. మా అమ్మాయి నవ్వుతోంది. నవ్వనీండి. నేనూ ఒకప్పుడు నవ్వినదాన్నే!