పుస్తకాల కుట్టు - ఫ్లారెన్సు వరద నేర్పిన పాఠం

గ్రంథాలయ ఉద్యోగికి బైండింగు పని ఎందుకు తెలియాలి, అది బైండరు చూసుకునే పని కదా అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. దీనికి సరైన సమాధానం ఇటలీలోని ఫ్లారెన్సు నగర చరిత్రలో దొరుకుతుంది.

1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి, బురదా చమురూ కలిసిన నీరు అక్కడి జాతీయ కేంద్ర గ్రంథాలయంలోకి చొరబడింది. పది లక్షలకు పైగా పుస్తకాలు, పత్రికలు దెబ్బతిన్నాయి. 1714లో మరణించిన మాల్యాబెకి తన నగరానికి వదలి వెళ్ళిన గ్రంథసంపదలో చాలా భాగం కూడా వాటిలో ఉంది. యువతీయువకులు బారులు తీరి, చేతులు మార్చుకుంటూ తడిసిన పుస్తకాలను పైకి చేర్చారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల వారికి పరిచయమైన పొగాకు బ్యారన్ల వంటి వాటిలో వేలాది గ్రంథాలను ఆరబెట్టారు.

అయితే ఆరినంత మాత్రాన పుస్తకం దక్కినట్లు కాదు. సరేసు కరిగింది, తోలు ముడుచుకుపోయింది, పుటలు అతుక్కుపోయాయి. కుట్టు విప్పి, ఫారాలు విడదీసి, కాగితాన్ని కడిగి, చిరుగులు సరిచేసి, తిరిగి కుట్టాలి. అందుకు కావలసినన్ని చేతులు ఎక్కడివి?

బ్రిటన్ నుంచి వచ్చిన పీటర్ వాటర్స్ బృందం పనిని అంచెలుగా విభజించింది. ప్రతి పుస్తకానికీ ఒక చీటీ పెట్టి, దాని స్థితినీ, చేయవలసిన చికిత్సనూ నమోదు చేయించింది. ఆంథొనీ కెయిన్స్ అక్కడే ఉండి, స్థానికులకు ఈ విద్య నేర్పారు. ఆ బృందంలోని క్రిస్టఫర్ క్లార్క్‌సన్ ఒక విశేషం గమనించారు. వెన్నుకు సరేసు దట్టంగా పూయక, కుట్టు బలం మీదనే నిలిచిన పదహారవ శతాబ్దపు మెత్తని చర్మపత్రపు అట్టల పుస్తకాలు వరదను బాగా తట్టుకున్నాయి. ఘనమైన అలంకారం కంటే విప్పడానికి వీలైన నిర్మాణమే పుస్తకాన్ని కాపాడిందన్నమాట.

ఈ జ్ఞానం ఫ్లారెన్సులోనే ఆగిపోలేదు. వాటర్స్ 1971లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు, కెయిన్స్ 1972లో డబ్లిన్ ట్రినిటీ కళాశాలకు వెళ్ళి, అక్కడి గ్రంథాలయాలలో పరిరక్షణ విభాగాలను తీర్చిదిద్దారు.

మన పాత పత్రికల సంపుటాలను చూసినప్పుడు నాకు ఈ చరిత్రే గుర్తుకు వస్తుంది. పక్క నుంచి బిగించి కుట్టడంతో లోపలి అక్షరాలు మడతలో దాగిపోతాయి. అంచులు సమంగా కోయడంతో పుటసంఖ్యలూ, ఎవరో రాసుకున్న సూచనలూ తెగిపోతాయి. ఆ నష్టం వరద చేసినది కాదు, తెలియనితనం చేసినది. ఉద్యోగులందరూ బైండర్లు కానక్కరలేదు. ఏ పుస్తకాన్ని కుట్టాలో, దేనిని ముట్టకుండా పెట్టెలో భద్రపరచాలో, బైండరుకు ఏమి చెప్పాలో తెలిస్తే చాలు. సూది పట్టి నాలుగు ఫారాలైనా కుట్టి చూడనిదే ఆ వివేకం అలవడదని నా నమ్మకం.