ఒక నుక్తా, ఒక రౌటర్, ఒక మున్షీ

గోడకి తగిలించిన వైఫై రౌటర్‌ని మనం డబ్బా అనేస్తాం. నిజానికి అదో చిన్న కంప్యూటర్. దాని కహానీ దిల్‌చస్ప్‌గా ఉంటుంది.

2002 చివర్లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ బజారులోకొచ్చింది. అందులో నడిచేది లినక్స్ అని కొందరు పసిగట్టారు. లినక్స్ షరతు సాఫ్‌గా ఉంది: ఆ కోడ్‌తో చేసిన సామాను అమ్మితే సోర్సు కూడా ఇవ్వాలి. అడగ్గా అడగ్గా 2003లో కంపెనీ కోడ్ బయటపెట్టింది. ఆ బునియాదు మీదే 2004లో ఓపెన్‌వర్ట్ మొదలైంది.

మొదటి రౌటర్లలో ఫ్లాష్ జాగా 4 ఎంబీ. అంత ఇరుకు గోదాములో ఏ ప్రోగ్రామ్ రావాలి, ఏది పోవాలి అని లెక్క చూసే మున్షీ కావాలి కదా! దాని పేరే ప్యాకేజీ మేనేజర్. మొదట చేతి కంప్యూటర్ల కోసం రాసిన ఐపీకేజీ ఆ నౌకరీ చేసింది. తర్వాత ఓపెన్‌మోకో ఫోన్ ప్రాజెక్టు దాన్నుంచి ఓపీకేజీ తయారుచేసింది. ఓపెన్‌వర్ట్ దాన్నే తెచ్చుకుని, తన అవసరాలకు మార్చుకుంది.

మున్షీకి ముఖ్యమైన జిమ్మేదారీ ఒకటుంది. వచ్చిన సరుకు అసలుదా, నకిలీదా అని వేలిముద్రలాంటి చెక్‌సమ్‌తో సరిచూడాలి. ఉర్దూ చదివినవాళ్లకి తెలుసు, పైన ఉండాల్సిన నుక్తా కిందికి జారితే 'ఖుదా' కాస్తా 'జుదా' అవుతుంది. ఇక్కడా అంతే. 2017లో చేసిన ఒక మార్పు తర్వాత, జాబితాలో చెక్‌సమ్‌కి ముందున్న ఒక్క ఖాళీ జాగాని ఓపీకేజీ సరిగా చదవలేకపోయింది. చెక్‌సమే లేదనుకుని తనిఖీ మానేసింది. జాబితా మీద దస్తఖత్ సరిగానే ఉంది, సరుకునే ఎవరూ చూడలేదు. ఈ లోపం బయటపడి సరిచేసేసరికి 2020 వచ్చింది. మూడేళ్లు!

కోడ్ అందరి కళ్లముందే ఉంది. కానీ అందరిదీ అయిన అమానత్‌ని రోజూ చూసుకునే మనిషి కూడా కావాలి. ఓపెన్‌వర్ట్ దగ్గరున్న ఓపీకేజీకి అలాంటి వారిస్ లేకుండా పోయాడు. అందుకే 2024 నవంబరులో, ఇంకా తయారీలో ఉన్న రూపంలో, ఆల్పైన్ లినక్స్ వాళ్ల ఏపీకేని తెచ్చుకున్నారు. ఆల్పైన్ కూడా చిన్న జాగాలో సర్దుకునేదే, పైగా దాని మున్షీని చూసుకునేవాళ్లు ఉన్నారు. 2025లో వచ్చిన 24.10 మాత్రం పాత ఓపీకేజీతోనే నడిచింది. ఫోన్లో మనం చూసే ఏపీకే ఫైళ్లకూ దీనికీ పేరే ఒకటి, రిష్తా లేదు.

నాకైతే ఇది మషీన్ల మాటగా అనిపించదు. వక్ఫ్ చేసిన బావి కూడా ఊరందరిదే. కానీ పూడిక తీసేవాడు లేకపోతే ఎన్నాళ్లు నీళ్లిస్తుంది?