మన ఊరు వచ్చిన సర్మద్

మూసారాంబాగ్‌లో మూసారాం ఎవరని మనవడు అడిగాడు. ఫ్రెంచి సేనాని మూస్యె రేమండ్ పేరే జనం నోట మూసారాం అయిందనీ, 1798లో చనిపోయిన ఆయన సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉందనీ చెప్పాను. అంతకు నూటయాభై ఏళ్ల ముందే మన ఊరు వచ్చిన మరో పరదేశి సంగతి సభ్యులకు మనవి చేస్తాను.

సర్మద్ పారశీక కవి. యూదు కుటుంబంలో పుట్టి, వర్తకం మీద సింధులోని ఠట్టా చేరాడు. అక్కడ అభయచంద్ అనే హిందూ యువకుడిపై ప్రేమతో సర్వం విడిచి ఫకీరైనాడు. అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుబడిలో ఇద్దరూ హైదరాబాదు వచ్చారు. యూదుల తోరా తొలి అధ్యాయాలను అభయచంద్ పారశీకంలోకి తర్జుమా చేశాడు, సర్మద్ సరిచూశాడు. 1647లో ఇక్కడే సర్మద్‌ను కలిసిన ‘దబిస్తాన్’ గ్రంథకర్త దాన్ని తన పుస్తకంలో చేర్చాడు.

తర్వాత ఢిల్లీలో సర్మద్ దారా షికోకు ఆప్తుడైనాడు. దారా హతుడయ్యాక, ఔరంగజేబు హయాంలో, 1661లో సర్మద్‌కు శిరచ్ఛేదం జరిగింది. జామా మసీదు చెంత సమాధి ఉంది.

నేను సర్వీసంతా తర్జుమా సెక్షన్‌లో గడిపినవాణ్ణి. మా కాగితాల కింద మా పేర్లు ఉండేవి కావు. ఆ పుస్తకంలో మాత్రం రాసిన శిష్యుడి పేరు, దిద్దిన గురువు పేరు రెండూ నిలిచాయి. సేనాని పేరు మన పేటకు దక్కింది. ఈ ఇద్దరి పేర్లూ మన పిల్లలకు మనమే చెప్పాలి.