పందెమెరుగని పందెపు కారు

2022 మే 5వ తేదీన జర్మనీలోని స్టట్‌గార్టు నగరమున ఆహ్వానితుల సమక్షములో ఒక పాత కారు వేలమునకు వచ్చి, 13.5 కోట్ల యూరోలు పలికినది. అంతకుముందు వేలములో ఏ కారును అంత ధర పలికి యుండలేదు.

మెర్సిడిస్-బెంజ్ ఇంజనీరు రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్ 1955లో రూపొందించిన 300 ఎస్.ఎల్.ఆర్. కూపే అది. నిర్మించినవి రెండే. ఆ జూన్ 11న ఫ్రాన్సులోని లమాన్ పందెములో ఇదే తరగతికి చెందిన, పైకప్పు లేని కారొకటి గట్టును ఢీకొనగా, దాని శకలములు జనముపై బడి ఎనుబదిమందికి పైగా మరణించిరి. పిమ్మట పెక్కు పందెములు రద్దయినవి. సంవత్సరాంతమున సంస్థయు విరమించుకొన్నది. పందెమునకై పుట్టిన కూపే ఊలెన్‌హౌట్ ప్రయాణములకు ఉపయోగపడినది.

మనము అపూర్వమని మెచ్చుకొను ఈ కారు చరిత్రలో ఆ మృతులకును చోటున్నది. వేలపు సొమ్ము పర్యావరణ శాస్త్రము నభ్యసించు యువజనుల విద్యార్థి వేతనములకు నిధియైనదని వినునపుడు మనకు కొంత ఊరట కలుగుచున్నది.