కార్డు ముక్క మీద పౌన్ల లెక్క

చలిమంట దగ్గరికి ఇంకాస్త జరుగు. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు, అది ఎటూ పారిపోదు. మా చిన్నాన్న ముచ్చట చెప్తానన్నాను కదా, చెప్తాను గానీ మధ్యలో "తర్వాత, తర్వాత" అని తొందరపెట్టకు. నేను పక్కదారి పడితే నువ్వే చెయ్యి పట్టి వెనక్కి లాగు.

మా చిన్నతనంలో క్షయ అనే మాట ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. "ఆ జబ్బు" అనేవాళ్ళు, అదీ గొంతు తగ్గించి. ఇంట్లో ఒకరికి వచ్చిందని పొక్కితే ఆ ఇంటి ఆడపిల్లలకు సంబంధాలు రావు, వచ్చిన చుట్టాలు మంచినీళ్ళు ముట్టరు. అందుకని నెత్తురు పడుతున్నా "వేడి చేసిందిలే" అని సర్దుకునేవాళ్ళు. లంఖణం పరమౌషధం అన్నారు కదా అని అన్నం తగ్గించి, మజ్జిగ మాన్పించి, మనిషి మంచానికి అంటుకుపోయాక గాని డాక్టరు గుర్తుకొచ్చేవాడు కాదు. కడుపునిండా తినవలసిన జబ్బుకు కడుపు మాడ్చటం! ప్రేమ లేకనా? అందరికీ ప్రేమే. తెలియక.

1950ల చివర్లో మా చిన్నాన్నకు పాతికేళ్ళైనా నిండకముందే దగ్గులో ఎర్రటి జీర కనిపించింది. తువ్వాలు మడిచి తలగడ కింద దాచాడు. అది మా నాయనమ్మ కంటబడింది. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. తువ్వాలు తీసి కాగులో ఉడకబెట్టించి, సాయంత్రానికల్లా తన కాసులపేరు కంసాలికి పంపేసింది. తులం బంగారం నూరు రూపాయల చుట్టుపక్కల ఉన్న రోజులవి. "బతికుంటే బలుసాకు తినొచ్చు, ఈ కాసులు ఎవరికి కావాలి" అంది, అంతే.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిలో మంచం ఖాళీ అయ్యేదాకా చిన్నాన్న ఇంట్లోనే ఉన్నాడు. అసలు గండం అప్పుడు మొదలైంది. చూడటానికి జనం వచ్చారు. మనవాళ్ళు పరామర్శకు వస్తే ఏం చేస్తారో నీకు తెలుసుగా? "ఎట్లాంటివాడివి ఎట్లా అయిపోయావు నాయనా" అని మొదలుపెట్టి, ఇదే జబ్బుతో పోయిన బావమరిది చివరి మూడు రోజులూ పూసగుచ్చినట్టు చెప్తారు. ఒకాయనైతే మంచం పక్కనే కూర్చుని, ఉన్న పొలం ఎవరి పేర పెడితే మంచిదో సలహా ఇచ్చాడు. పాపం, ఆయన మనసు వెన్నే.

మర్నాటి నుంచి నాయనమ్మ వీధి అరుగు మీద పీట వేసుకుని కూర్చుంది. లోపలికి వెళ్ళాలంటే ఆవిణ్ణి దాటాలి. "వానల సంగతి మాట్లాడు, గేదె ఈనిన సంగతి మాట్లాడు. జబ్బు మాట ఎత్తావో, కాఫీ ఉండదు" అని చెప్పి మరీ పంపేది. కాఫీ కోసమైనా చాలామంది నోరు అదుపులో పెట్టుకున్నారు.

చివరికి ఆరోగ్యవరంలో మంచం దొరికింది. పాకాల నుంచి ధర్మవరం వెళ్ళే మీటరుగేజి రైలెక్కి, మదనపల్లె రోడ్డు స్టేషన్లో దిగి, అక్కడి నుంచి బస్సులో వెళ్ళాలి. రెండు వేల అడుగులకు పైన ఎత్తు, పొడి గాలి. ఎన్నో మిషన్లవాళ్ళు కలిసి పెట్టిన ఆసుపత్రి, 1915లో తెరిచారు. మొదట్లో నడిపించింది ఫ్రిమట్ మోలర్ అనే డెన్మార్కు డాక్టరు. మందులు రాని రోజుల్లో గాలీ, తిండీ, విశ్రాంతీ ఇవే వైద్యం. కొందరికి సూదితో రొమ్ములోకి గాలి పంపి, జబ్బు పట్టిన ఊపిరితిత్తిని ముడిచి పెట్టి విశ్రాంతి ఇచ్చేవారు. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్ వచ్చాక, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక కథ మారింది. చిన్నాన్న అదృష్టం, మందులు వచ్చాక జబ్బు పడ్డాడు.

మధ్యాహ్నం పూట అక్కడ కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలట. వాగుడుకాయ మా చిన్నాన్న! మాట లేకుండా బతకటం ఎంత కష్టమో కవి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిని తలుచుకుంటే తెలుస్తుంది. రేడియోలో, సభల్లో ఆయన మాట వినటానికి జనం చెవులు కోసుకునేవారు. 1960ల్లో గొంతు జబ్బుతో ఆ మాటే పోయింది. కాగితం ముక్కల మీద రాసి చూపిస్తూనే నలుగురిలో తిరిగారు, పాటలు రాశారు. ఎనభై ఏళ్ళు దాటాక కూడా సీతామాలక్ష్మి, గోరింటాకు సినిమాల్లో ఆయన పాటలున్నాయి. ఆ మనిషి గురించి చెప్పాలంటే ఈ రాత్రి చాలదు... సరే సరే, చిన్నాన్న దగ్గరికే వస్తున్నా.

వారం వారం కార్డు రాసేవాడు. కార్డు ముక్క అయిదు నయాపైసలు. అందులో కబుర్లు తక్కువ, బరువు లెక్క ఎక్కువ. "పౌను పెరిగాను", "పౌనున్నర పెరిగాను." నేను గట్టిగా చదవాలి, పెరిగిన వారం పిల్లలందరికీ బెల్లం ముక్క. ఒక వారం "రెండు పౌన్లు తగ్గాను, ఇక నావల్ల కాదు" అని వచ్చింది. ఇల్లంతా నిశ్శబ్దం. నాయనమ్మ నాచేత జవాబు రాయించింది: "మన బర్రె కూడా ఈ వారం పాలు తగ్గించింది. తవుడు మానెయ్యలేదు, పెడుతూనే ఉన్నాం. నువ్వూ తిను." అంతే రాయించింది. తర్వాతి కార్డులో ఆ తగ్గిన పౌన్లు తిరిగొచ్చాయి. జబ్బును తగ్గించింది మందే, ఆ మాట నాయనమ్మా ఒప్పుకునేది. కానీ ఆ మందు పనిచేసేదాకా మనిషి చెయ్యి వదలకుండా ఉండాలి కదా.

ఇంటికొచ్చాక ఇంకో పరీక్ష. మిగతా నెలలు పాస్ అనే మందు మింగాలి. రోజుకు గుప్పెడు. వాంతి వచ్చేది, కడుపు తిప్పేది. దగ్గు పోయింది, ఒళ్ళొచ్చింది, ఇక ఎందుకని మాత్రలు దూలం సందులో దాచటం మొదలుపెట్టాడు. ఇల్లు అలకగానే పండగ కాదని నాయనమ్మ నన్ను ఎదురుగా నిలబెట్టింది. మింగాడో లేదో నేను చూడాలి. నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూసేవాణ్ణి. జీతం మళ్ళీ బెల్లమే. ముప్ఫై ఏళ్ళు దాటాక ప్రపంచమంతా అదే పద్ధతికి డాట్స్ అని పేరు పెట్టుకుంది. దాని పునాదులు మద్రాసులో పడ్డాయి. 1956లో అక్కడ పేదవాడల రోగుల్లో సగం మందిని ఆసుపత్రిలో, సగం మందిని ఇళ్ళలోనే ఉంచి ఏడాది పాటు మందులిచ్చి చూశారు. ఇరుకు ఇల్లు, చాలీచాలని తిండి అయినా ఇంట్లో ఉన్న రోగులకూ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లో మిగతావాళ్ళకు అందువల్ల ముప్పేమీ పెరగలేదు కూడా. వేరే కంచం, వేరే గ్లాసు అంటూ మనుషుల్ని ఎంత ఏడిపించామో!

చిన్నాన్న తర్వాత బడిపంతులయ్యాడు, మనవల పెళ్ళిళ్ళు చూశాడు.

నీ స్నేహితుడికి ఇదే జబ్బని నిన్న మీ అమ్మ చెప్పింది. ఇప్పుడైతే మామూలు రకానికి ఆరు నెలల మందు, సర్కారు ఉచితంగానే ఇస్తోంది. రేపు వాణ్ణి చూడటానికి వెళ్తే, క్రికెట్ మాట్లాడు, మీ కాలేజీ పిల్లల సంగతి మాట్లాడు. రెండో నెలలో "తగ్గిపోయింది, మానేస్తా" అంటాడు, అనకపోతే నన్నడుగు. అప్పుడు వాడికి ఫోను కలిపి నాకివ్వు.