తెలుగు సినిమా ప్రారంభ దృశ్యం: ప్రరోచన నుంచి బీజం దాకా

ఉపోద్ఘాతం

తెలుగు సినిమాను సాహిత్య దృష్టితో పరిశీలించిన విమర్శలో పాటకు, సంభాషణకు, కథావస్తువుకు లభించిన ప్రాధాన్యం ప్రారంభ దృశ్యానికి లభించలేదు. ప్రేక్షకుణ్ణి కథలోకి లాక్కొనే తొలి నిమిషాలను వ్యాపార నైపుణ్యంగానో, పాశ్చాత్య చలనచిత్రాల నుంచి వచ్చిన మెలకువగానో భావించి వదిలివేయడం పరిపాటి. అయితే చూడవచ్చినవారిని కూర్చోబెట్టి, వారి మనస్సును కథవైపు మళ్లించే పని తెలుగువారికి సినిమాతో మొదలుకాలేదు. సంస్కృత నాటక ప్రస్తావన, కూచిపూడి ప్రవేశ దరువు, ప్రబంధ అవతారిక ఆ పనినే తమ తమ పద్ధతుల్లో నిర్వహించాయి. ఆ నేపథ్యంలో తెలుగు సినిమా ప్రారంభం పొందిన పరిణామాన్ని కొన్ని చిత్రాల ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు ప్రయోజనాలు

నాటక లక్షణకారులు నాటకారంభానికి సంబంధించి రెండు వేర్వేరు వ్యాపారాలను చెప్పారు. మొదటిది ప్రరోచన. కవిని, కృతిని, సభను ప్రశంసించి, చూపరులను ప్రదర్శనకు ఉన్ముఖులను చేయడం దీని పని. హర్షుని రత్నావళి ప్రస్తావన ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. రెండవది ముఖసంధిలోని ఉపక్షేపం, అంటే కథాబీజాన్ని నాటడం. ప్రరోచన సభకు సంబంధించినది. ఉపక్షేపం కథకు సంబంధించినది. మొదటిది ‘వినండి’ అంటుంది. రెండవది ‘ఇక ఏమవుతుంది’ అనే ప్రశ్నను పుట్టిస్తుంది.

సమర్థుడైన నాటకకర్త ఈ రెండింటి మధ్య అతుకు కనిపించనీయడు. అభిజ్ఞాన శాకుంతలంలో నటి పాటకు మైమరచిన సూత్రధారుడు తన స్థితిని లేడి వెంట సాగిన దుష్యంతునితో పోల్చుకుంటాడు. ఆ పోలికలోంచే రాజు రంగం మీదికి వస్తాడు. సభను ఆకట్టుకున్న పాటే కథకు ద్వారమైంది. అంతేకాదు, సూత్రధారుని మరపు రాబోయే దుష్యంతుని మరపునకు ముందస్తు ఛాయ.

కూచిపూడి భామాకలాపంలో ఇదే పని తెర వద్ద జరుగుతుంది. ఇద్దరు పట్టుకున్న తెర వెనుక నుంచి సత్యభామ తన జడను బయటికి వేస్తుంది. జడ ముందు, ముఖం తరువాత. ఇది సభకు విసిరిన సవాలు కనుక ప్రరోచన. సత్యభామ అతిశయానికి గుర్తు కనుక బీజం కూడా. ఆ అతిశయమే కలాపంలో విరహమై కరగవలసి ఉన్నది. పాత్రను పొగిడే దరువు, పాత్ర పతనానికి కారణమయ్యే గుణాన్ని ఇక్కడ ఒకేసారి చూపుతున్నది. తెలుగు సినిమా ప్రారంభాలను తూచడానికి ఈ జడ మంచి కొలమానం.

రంగస్థలం నుంచి వెండితెరకు

1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా, సురభి కళాకారులతో రూపొందింది. రంగస్థలం నుంచి తెరకు కథతోపాటు సభామర్యాద కూడా వచ్చింది. నాటకానికి ముందు నటులందరూ కలిసి పాడే ప్రార్థనకు బదులుగా సినిమాలో నిర్మాణ సంస్థ చిహ్నం, దైవస్తుతి, పేర్ల వరుస చోటు చేసుకున్నాయి. ఈ వరుసకు హాలులో ఒక వాస్తవ ప్రయోజనం ఉండేది. ఆలస్యంగా వచ్చినవారు చీకట్లో తమ కుర్చీలు వెతుక్కోవడానికి, పిల్లలు సర్దుకోవడానికి, మాటలు సద్దుమణగడానికి ఆ వ్యవధి తోడ్పడింది. 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడిన తరువాత వార్తాచిత్రాలు కూడా అసలు సినిమాకు ముందు చేరి, సభ కుదురుకునే సమయాన్ని పెంచాయి.

పేర్ల వరుస కేవలం సమాచారం కాదు. అది గౌరవక్రమం కూడా. ‘గుండమ్మ కథ’ (1962) ప్రారంభంలో తారల పేర్లకు బదులు వారి చిత్రాలను చూపడం ఇందుకు నిదర్శనం. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు కలిసి నటించిన చిత్రంలో ఎవరి పేరు ముందు అన్న ప్రశ్నకు తావులేకుండా చేసిన ఏర్పాటు అది.

ప్రియదర్శిని: ఒకే పేటికలో కథంతా

కె.వి. రెడ్డి దర్శకత్వంలో పింగళి నాగేంద్రరావు రచనతో వచ్చిన ‘మాయాబజార్’ (1957) ఆరంభంలో ప్రియదర్శిని ఘట్టం ఈ చరిత్రలో కీలకమైనది. ఎవరు తెరిస్తే వారికి ప్రియమైనది కనబడే పేటిక అది. బాలిక శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరామునికి శిష్యుడైన దుర్యోధనుడు, కృష్ణునికి శకుని కనిపిస్తారు.

పైకి ఇది పుట్టినరోజు వేడుకలో వినోదం. పేటికలో వెలిగే బొమ్మను చూసి ఆశ్చర్యపడే ద్వారకావాసులు, తెరపై వెలిగే బొమ్మను చూసి ఆశ్చర్యపడే ప్రేక్షకులకు ప్రతిరూపాలు. కనుక ఇది సినిమా తనను తాను పొగడుకున్న ప్రరోచన. అదే సమయంలో కథను నడిపే శక్తులన్నీ ఇక్కడే తేలిపోతాయి. శశిరేఖ కోరిక ఒకవైపు, బలరాముని శిష్యవాత్సల్యం, రేవతి ధనాపేక్ష మరొకవైపు. ఈ మూడింటి ఘర్షణే తరువాతి కథ. కృష్ణునికి శకుని కనిపించడం నవ్వు పుట్టిస్తూనే, రాబోయే జూదాన్ని, దాని వెనుక నడిచే సూత్రాన్ని సూచిస్తుంది. భామాకలాపంలో జడ నిర్వహించిన కర్తవ్యాన్నే ఇక్కడ పేటిక నిర్వహించింది.

విమర్శకుడు, మాటు, పాట

తరువాతి దశాబ్దాల్లో ప్రారంభం కథానాయకుని లోపం నుంచో, అతని చుట్టూ ఉన్న ముప్పు నుంచో మొదలైన చిత్రాలు కనిపిస్తాయి. కె. విశ్వనాథ్ ‘సాగర సంగమం’ (1983) తాగుడుకు లోనైన నృత్య విమర్శకునితో మొదలవుతుంది. శైలజ ప్రదర్శనను అతడు తప్పుపడతాడు. పత్రికా కార్యాలయంలో అదే పాటను వేర్వేరు నృత్య రీతుల్లో చేసి చూపుతాడు. దేహం శిథిలమైనా విద్య చెక్కుచెదరలేదని ప్రేక్షకుడు గ్రహిస్తాడు. ‘ఇంతటివాడు ఇలా ఎందుకయ్యాడు’ అన్న ప్రశ్న చిత్రం పూర్వకథను నడిపితే, అతడు తప్పుపట్టిన శైలజే చివరికి అతని శిష్యురాలు కావడం ఆ బీజానికి ఫలం.

రాంగోపాల్ వర్మ ‘శివ’ (1989) కథానాయకుని కంటె ముందు అతడు ఎదుర్కొనవలసిన భయాన్ని చూపింది. కళాశాల ద్వారం వద్ద మాటువేసిన మనుషులు, ఆ వెంటనే దాడి. ఇక్కడ స్తుతి లేదు, దరువు లేదు. హాలును నిశ్శబ్దం చేసే పనిని సంగీతానికి బదులు ఎదురుచూపు చేసింది.

ఎస్.ఎస్. రాజమౌళి ‘ఆర్ఆర్ఆర్’ (2022)లో ఆదిలాబాద్ అడవిలోని గోండు బాలిక మల్లి దొరసాని చేతికి చిత్రాలు దిద్దుతూ పాడుతుంది. దొరసాని వైపు నుంచి నాణేలు పడతాయి. తల్లి వాటిని పాటకు బహుమతి అనుకుంటుంది. దొరలకు అవి పిల్ల వెల. కథకు కావలసిన అన్యాయమంతా ఆ నాణేల అర్థభేదంలో ఉన్నది. ఆ తరువాత నాయకులిద్దరి పరిచయాలు నడిచి, వంతెన దగ్గర వారి చేతులు కలిసేదాకా చిత్రం పేరు తెరపైకి రాదు. అరగంట దాటిన తరువాత కనిపించే ఆ పేరు కథకు ముందుమాట కాదు, ప్రారంభానికి ముగింపు.

సూత్రధారుడు కూడా పూర్తిగా కనుమరుగు కాలేదు. త్రివిక్రమ్ ‘జల్సా’ (2008)లో నటుడు మహేశ్‌బాబు తెర వెనుక గొంతుగా వినిపించాడు. కథలో లేని తార కథను పరిచయం చేయడం సూత్రధార సంప్రదాయానికి ఆధునిక రూపం.

విడిపోయిన ప్రరోచన

నల్లకుంట, విద్యానగర్, తార్నాక ప్రాంతాల్లో నివసించే విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య, దేవి, సుదర్శన్ వంటి హాళ్లు తరతరాలుగా చేరువలోని సభలు. తొలి ఆటలో తార ప్రవేశించగానే ఈలలు, ఎగిరే కాగితపు ముక్కలు అక్కడి మర్యాదలో భాగం. తార ప్రవేశానికి పాటను, పోరాటాన్ని కూర్చడం ప్రవేశ దరువుకు వారసత్వమేనని చెప్పవచ్చు. అయితే ఒక భేదం ఉన్నది. జడ సత్యభామది, భామ వేషం కట్టిన నటునిది కాదు. నేటి అనేక ప్రవేశ దృశ్యాల్లో స్తుతి పాత్రను దాటి తారకు చెందుతున్నది. పొగడ్తలో పాత్ర లోపానికి చోటులేనందువల్ల బీజం పడదు. ఫలితంగా సినిమా రెండుసార్లు మొదలుకావలసి వస్తుంది: ఒకసారి అభిమానుల కోసం, మరొకసారి కథ కోసం. మొదటి ప్రారంభానికి హాలు మారుమోగినా, రెండవదాని వేళకు ప్రేక్షకుని ఆసక్తి సడలుతుంది. ప్రారంభం విఫలమయ్యేది ఆర్భాటం ఎక్కువై కాదు; ఆర్భాటానికి, కథకు బంధం తెగి.

అవతారిక లోపిస్తే

ఈ పరిణామంలో మరొక నష్టం ఉన్నది. ప్రబంధ అవతారికలో ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కృతిపతి వంశవర్ణన ఉంటాయి. కథాసక్తి గల పాఠకుడు వాటిని దాటిపోవచ్చు. కాని సాహిత్య చరిత్రకారుడు కవి కాలాన్ని, ఆశ్రయాన్ని, రచనలను నిర్ణయించడానికి ఆధారపడినది అక్కడే. సినిమాకు పేర్ల వరుసే అవతారిక. పింగళి, సముద్రాల, మల్లాది, ఆత్రేయ వంటి రచయితల శ్రమకు తొలి సాక్ష్యం ఆ వరుసలోనే ఉన్నది.

ఫిలిం చుట్టల మొదళ్లు, చివర్లు తొందరగా అరిగిపోతాయి. అందువల్ల పాత ప్రతుల్లో తొలి నిమిషాలే ముందుగా దెబ్బతింటాయి. ‘భక్తప్రహ్లాద’ విషయంలో ప్రతియే నేడు లభ్యం కాదు. ఇటీవలి చిత్రాల్లో పేర్లు చాలావరకు చివరికి జరిగి, జనం లేచిపోతున్న హాలులో పైకి పాకుతున్నాయి. ఇంట్లో చూసేవారికి ప్రారంభాన్ని దాటవేసే మీట కూడా అందుబాటులోకి వచ్చింది. 2012 అక్టోబరు 2 నుంచి పొగాకు హెచ్చరిక చిత్రాలు హాళ్లలో తప్పనిసరి అయ్యాయి. హాలులో ప్రేక్షకుడు తప్పక చూడవలసినదిగా హెచ్చరిక మిగిలింది. రచయిత పేరు మాత్రం చూడకున్నా సాగిపోయేదిగా మారింది.

ముగింపు

తెలుగు సినిమా ప్రారంభ దృశ్యం సభను కుదిర్చే ప్రరోచనకు, కథను నాటే ఉపక్షేపానికి మధ్య నడిచింది. జడ, ప్రియదర్శిని, నాణేలు వంటి ఒకే వస్తువులో ఆ రెండూ కలిసినచోట ప్రారంభం జ్ఞాపకంగా నిలిచింది. విడిపోయినచోట అది క్షణకాలపు సందడిగా మిగిలింది. కనుక సినిమాను పాఠ్యంగా స్వీకరించే తెలుగు పరిశోధన, అచ్చయిన సంభాషణల ప్రతితోనో పాటల సంకలనంతోనో తృప్తిపడరాదు. తెరపై పేర్ల క్రమం, తొలి దృశ్యం, చిత్రం పేరు కనబడే స్థానం ప్రతి చిత్రానికీ నమోదు కావాలి. అవతారిక లేని కావ్యప్రతి అసమగ్రమని భావించే పరిష్కర్తల శాఖకు సినిమా విషయంలోనూ అదే ప్రమాణం వర్తిస్తుంది.